రోగి దగ్గర పుట్టిన ప్రశ్న: వైద్యం, పరిశోధన కలిసిన చదువులో చేరడమెలా?

రాయ్‌పూర్‌లోని ఒక పెద్దాసుపత్రి పిల్లల వార్డును ఊహించుకుందాం. మంచం మీద తొమ్మిదేళ్ల పాప. కాళ్లలో, నడుములో భరించలేని నొప్పి. పక్కనే ఆమె తమ్ముడు కిటికీ చువ్వలు పట్టుకుని ఆడుకుంటున్నాడు. రక్తపరీక్షలో ఇద్దరికీ తేలింది ఒకే జబ్బు, సికిల్ సెల్ వ్యాధి. తెలుగులో దీన్ని కొడవలి కణ వ్యాధి అంటారు. పాప ఈ ఏడాదిలో ఆసుపత్రికి రావడం ఇది నాలుగోసారి. తమ్ముడు ఒక్కసారి కూడా చేరలేదు. ఇద్దరికీ జబ్బు ఒకటే అయినప్పుడు కూతురికే ఎందుకింత బాధ అని తల్లి డాక్టరును అడుగుతుంది.

డాక్టరు సెలైన్ ఎక్కిస్తాడు, నొప్పికి మందు ఇస్తాడు, హైడ్రాక్సీయూరియా బిళ్లల మోతాదు సరిచూస్తాడు. ఇదంతా అవసరమైన పనే. అయినా ఆ తల్లి ప్రశ్న అలాగే నిలిచిపోతుంది. జవాబు వెతకాలంటే ఆ పిల్లల రక్తాన్ని ప్రయోగశాలకు తీసుకువెళ్లి, హీమోగ్లోబిన్‌నూ జన్యువులనూ పరిశీలించాలి. సాధారణంగా ఆ పని చేసే శాస్త్రజ్ఞుడు రోగిని చూడడు, రోగిని చూసే వైద్యుడికి ప్రయోగశాల పని తెలియదు. రెండూ తెలిసిన మనిషిని తయారు చేయడం కోసమే వైద్య పట్టా, పరిశోధన పట్టా కలిసిన చదువులు వచ్చాయి. ఇంతకీ ఆ చదువులు ఎక్కడ ఉన్నాయి? వాటికి విద్యార్థులను ఎలా ఎంపిక చేస్తారు? ఇంటర్వ్యూలో ఏమి చూస్తారు? ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఒక జబ్బు, ఇద్దరు విద్యార్థులు

సికిల్ సెల్ వ్యాధి చరిత్రనే ముందుగా చూద్దాం. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారంలో వంగిన ఎర్ర రక్తకణాలను వర్ణించాడు. అవి అలా ఎందుకు వంగుతున్నాయో దాదాపు నలభై ఏళ్ల వరకు ఎవరికీ తెలియలేదు.

1945లో సుప్రసిద్ధ రసాయన శాస్త్రజ్ఞుడు లైనస్ పౌలింగ్‌కు ఒక వైద్యుడి ద్వారా ఈ జబ్బు సంగతి తెలిసింది. ప్రాణవాయువు తగ్గినప్పుడే కణాలు వంగుతున్నాయని వినగానే, లోపం కణంలోని హీమోగ్లోబిన్‌లోనే ఉండాలని ఆయన ఊహించాడు. ఊహను ఎవరో ఒకరు పరీక్షించాలి. ఆ పని హార్వీ ఇటానో అనే యువకుడికి దక్కింది. జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో, అమెరికాలో పుట్టినవాడు ఇటానో. 1942లో యుద్ధకాలపు ఉత్తర్వుల మేరకు జపాన్ సంతతి వారెందరితోనో పాటు అతన్నీ నిర్బంధ శిబిరానికి తరలించారు. తరువాత అనుమతి దొరికి వైద్యం చదివి 1945లో ఎం.డి. పట్టా పొందాడు. ఆ పట్టాతో ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. అతను మాత్రం కాలిఫోర్నియాలో పౌలింగ్ దగ్గర రసాయన శాస్త్రంలో పీహెచ్.డి. విద్యార్థిగా చేరాడు.

ఇటానో, అతని సహచరులు సికిల్ సెల్ రోగుల హీమోగ్లోబిన్‌నూ, ఆరోగ్యవంతుల హీమోగ్లోబిన్‌నూ విద్యుత్ క్షేత్రంలో ఉంచి చూశారు. రెండూ వేర్వేరు వేగాలతో కదిలాయి. అంటే రెండింటి విద్యుదావేశం ఒకటి కాదు. ఒక్క అణువులోని మార్పు వల్లనే ఒక జబ్బు కలుగుతుందని 1949లో మొదటిసారి రుజువైంది. కొన్నేళ్లకు వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ మార్పు ఏమిటో కూడా కనుగొన్నాడు. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వేలిన్ ఉంటుంది. అంతే తేడా.

ఇక రెండో విద్యార్థి. గర్భంలో ఉన్న శిశువు రక్తంలో వేరే రకం హీమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని పిండ హీమోగ్లోబిన్ అంటారు. పుట్టిన కొన్ని నెలలకు దాని తయారీ దాదాపుగా ఆగిపోయి, పెద్దల రకం హీమోగ్లోబిన్ మొదలవుతుంది. కొందరిలో మాత్రం పిండ హీమోగ్లోబిన్ కొంత మిగిలే ఉంటుంది. అలాంటివారిలో సికిల్ సెల్ వ్యాధి సాధారణంగా తేలికగా ఉంటుంది. మరి దాని తయారీని ఆపుతున్నది ఏది? బీసీఎల్11ఏ అనే జన్యువు ఇందులో ముఖ్యపాత్ర వహిస్తుందని 2008లో హార్వర్డ్‌లో స్టువర్ట్ ఆర్కిన్ ప్రయోగశాల చూపింది. ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు విజయ్ శంకరన్‌ది. అప్పటికి అతను ఎం.డి., పీహెచ్.డి. రెండూ కలిపి చదువుతున్న విద్యార్థి. ఆ జన్యువు పనిని రక్త మూలకణాల్లో తగ్గించే చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా దేశాలు అనుమతి ఇచ్చాయి.

ఒకే జబ్బు విషయంలో, అరవై ఏళ్ల ఎడంతో వేసిన ఈ రెండు పెద్ద అడుగుల్లోనూ రెండు చదువులు చదివిన యువకులు ముందు ఉన్నారు. రెండు పట్టాలు ఎందుకని అడిగేవారికి ఇంతకంటె మంచి జవాబు దొరకదు.

మన దేశంలో ముందు నడిచినవారు

మన దేశానికీ ఈ మార్గం కొత్తది కాదు. కాలా అజార్ జబ్బుకు యూరియా స్టిబమిన్ మందు తయారు చేసిన ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి కలకత్తాలో 1902లో ఎం.డి., 1904లో పీహెచ్.డి. పొందాడు. ఆయన పీహెచ్.డి. అంశం ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం గురించే. కలరా క్రిమి విషపదార్థాన్ని 1959లో నిరూపించిన శంభునాథ్ దే కలకత్తాలో వైద్యం చదివి, లండన్‌లో 1949లో పీహెచ్.డి. చేశాడు.

తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావు పేరు చెప్పనక్కరలేదు. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. ఖద్దరు ధరించినందుకు ఒక ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టాతో బయటపడ్డాడు. 1922లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణదేశ వ్యాధుల చదువులో చేరాడు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా కూడా పనిచేశాడు. 1930లో జీవరసాయన శాస్త్రంలో పీహెచ్.డి. పొందాడు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి, కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఫోలిక్ ఆమ్లం తయారీ – ఇవన్నీ ఆయన పేరుతో ముడిపడినవే.

అయితే ఒక మాట మరచిపోకూడదు. పరిశోధన చేయడానికి పీహెచ్.డి. తప్పనిసరి కాదు. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్‌కు పీహెచ్.డి. లేదు. 2012లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన రాబర్ట్ లెఫ్కోవిట్జ్ కూడా ఎం.డి. మాత్రమే చదివిన వైద్యుడు. ఇంటర్వ్యూలో ఈ సంగతి తప్పకుండా ఎదురవుతుంది. దాని గురించి తరువాత చూద్దాం.

దారులు ఎన్ని?

అమెరికాలో ఈ రెండు చదువులూ ఒకే ప్రవేశంతో, ఒకే ప్రణాళికగా నడుస్తాయి. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ 1964లో మూడు వైద్య కళాశాలలతో వైద్య శాస్త్రజ్ఞుల శిక్షణ పథకాన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు యాభైకి పైగా కళాశాలల్లో అది ఉంది. మొదటి రెండేళ్లు వైద్యశాస్త్ర పాఠాలు, తరువాత మూడు నుంచి ఐదేళ్లు ప్రయోగశాల, చివరికి మళ్లీ ఆసుపత్రి వార్డులు. అంతా కలిపి సుమారు ఎనిమిదేళ్లు. ఫీజు మాఫీ చేసి నెలనెలా భృతి కూడా ఇస్తారు. ప్రభుత్వ నిధులతో నడిచే ఈ సీట్లు అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. ఇతర దేశాల విద్యార్థులను సొంత నిధులతో తీసుకునే కళాశాలలు తక్కువ. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ దారి తెరిచే ఉంది. ఇక్కడినుంచి నేరుగా వెళ్లాలనుకునేవారు మాత్రం ఈ తేడాను ముందే గమనించాలి.

మన దేశంలో దారి వేరు. ఇంటర్మీడియట్ తరువాత నీట్ పరీక్ష, నాలుగున్నర ఏళ్ల ఎం.బి.బి.ఎస్. చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తరువాత రెండు బాటలు చీలతాయి. మొదటిది, మూడేళ్ల ఎం.డి. చేసి తరువాత పీహెచ్.డి.లో చేరడం. రెండోది, ఎం.బి.బి.ఎస్. తరువాత నేరుగా పీహెచ్.డి.కి వెళ్లడం. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వంటివి ఎం.బి.బి.ఎస్. పట్టభద్రులను పీహెచ్.డి.కి తీసుకుంటాయి. ఎం.డి.నీ, పీహెచ్.డి.నీ ఒకే చదువుగా కలిపి నడిపే వైద్య కళాశాలను, ఆసుపత్రిని నెలకొల్పుతున్నట్లు ఆ సంస్థే 2022లో ప్రకటించింది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో 2001 నుంచి వైద్యులకోసం మూడేళ్ల వైద్యశాస్త్ర సాంకేతిక మాస్టర్స్ చదువు ఉంది. ఇంజనీరింగు వైపు ఆసక్తి ఉన్న డాక్టర్లకు అది అనుకూలం.

రాయ్‌పూర్ సంగతికి వద్దాం. ఇక్కడి పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల 1963లో మొదలైంది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ, అంటే ఎయిమ్స్, 2012లో తొలి ఎం.బి.బి.ఎస్. విద్యార్థులను చేర్చుకుంది. అక్కడ ఎం.డి.తో పాటు పీహెచ్.డి. కూడా ఉంది. పీహెచ్.డి. ప్రవేశానికి రాతపరీక్ష, ఆ తరువాత ఇంటర్వ్యూ ఉంటాయి. సికిల్ సెల్ వ్యాధి కోసమే ఒక ప్రత్యేక సంస్థ ఈ నగరంలో ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుల్లోనూ, ఇతర కులాల్లోనూ ఈ జన్యువు ఉంది. ఇటు ఆదిలాబాద్ గోండుల్లో, మన్యం ప్రాంతాల్లో కూడా కనిపిస్తుంది. 2047 నాటికి ఈ వ్యాధిని తొలగించాలని 2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అందుచేత ఇక్కడ పరిశోధనలోకి దిగే వైద్యుడు ప్రశ్న కోసం దూరం వెళ్లనక్కరలేదు.

ప్రవేశ నియమాలు, సీట్ల సంఖ్య, వయోపరిమితి ఏటా మారవచ్చు. ఆ ఏటి ప్రకటనను స్వయంగా చదవడం దరఖాస్తుదారుడి మొదటి పని.

దరఖాస్తులో ఏమి చూస్తారు?

రాతపరీక్ష మార్కులు ఇంటర్వ్యూ గది తలుపు దాకా తీసుకువస్తాయి. లోపల మార్కుల ప్రస్తావన తక్కువ. బోర్డు సభ్యుల ముందు ఉండేది మీ దరఖాస్తు. అందులో వారు ముఖ్యంగా మూడు విషయాలు వెతుకుతారు.

మొదటిది, మీరు నిజంగా పరిశోధన చేశారా? ఎన్నిచోట్ల చేశారన్నది ముఖ్యం కాదు. నాలుగు ప్రయోగశాలల్లో నాలుగేసి వారాలు తిరిగినవారికంటె, ఒకేచోట ఏడాదిపాటు ఒకే సమస్యతో కుస్తీ పట్టినవారిని ఎక్కువగా ఇష్టపడతారు. ఎందుకంటే ప్రయోగం విఫలమయ్యాక కూడా అక్కడే ఉన్నారని దాని అర్థం.

రెండోది, మీరు రాసిన వ్యాసం. అమెరికా కళాశాలలు ఈ చదువుకు మామూలు వైద్య దరఖాస్తుకు అదనంగా మరి రెండు వ్యాసాలు అడుగుతాయి. రెండు పట్టాలూ ఎందుకు కావాలో ఒకదానిలో, చేసిన పరిశోధన ఏమిటో మరొకదానిలో రాయాలి. మన సంస్థల్లో చాలావాటికి పరిశోధన ప్రతిపాదన ఇవ్వవలసి ఉంటుంది. ప్రశ్న ఏమిటి, ఇప్పటిదాకా తెలిసినదేమిటి, ఏ పద్ధతిలో చూస్తారు, జవాబు దొరికితే ఏమి ప్రయోజనం – ఈ నాలుగూ రెండు మూడు పేజీల్లో స్పష్టంగా ఉండాలి.

మూడోది, సిఫార్సు లేఖలు. "ఈ విద్యార్థి చురుకైనవాడు, క్రమశిక్షణ గలవాడు" అనే లేఖ వందమందికీ ఒకేలా ఉంటుంది. మీ పనిని దగ్గరనుంచి చూసిన గైడు, ఫలానా ఫలితం తప్పని మీరే పట్టుకున్నారని రాస్తే ఆ ఒక్క వాక్యం బోర్డుకు గుర్తుండిపోతుంది.

ఇంటర్వ్యూ గదిలో

ఇప్పుడు ఒక ఇంటర్వ్యూను ఊహిద్దాం. రాయ్‌పూర్‌లో ఎం.బి.బి.ఎస్. చదివిన ఒక అమ్మాయి. ఇంటర్న్‌షిప్‌కు ముందు నలభైమంది సికిల్ సెల్ పిల్లల రక్తంలో పిండ హీమోగ్లోబిన్‌ను కొలిచి, ఏడాదిలో ఎవరు ఎన్నిసార్లు నొప్పితో ఆసుపత్రిలో చేరారో లెక్క రాసింది. బోర్డులో ముగ్గురు ఉన్నారు: కంటి వైద్య ఆచార్యుడు, జీవరసాయన శాస్త్ర ఆచార్యురాలు, సంఖ్యాశాస్త్ర నిపుణుడు.

కంటి వైద్యుడు: మీరు చేసిన పని రెండు నిమిషాల్లో చెప్పండి. రక్తం సంగతి నాకేమీ తెలియదనుకోండి.

అమ్మాయి: సికిల్ సెల్ వ్యాధిలో హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పుల్లల్లా పెరుగుతాయి సార్. దానితో కణం వంగి చిన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పి అందువల్లనే. మధ్యలో పిండ హీమోగ్లోబిన్ ఉంటే ఆ అతుక్కోవడానికి అడ్డుపడుతుంది. అది ఎక్కువ ఉన్న పిల్లలకు నొప్పి తక్కువసార్లు వస్తుందేమో చూశాను. నా పిల్లల్లో అలాగే కనిపించింది.

సంఖ్యాశాస్త్ర నిపుణుడు: అయితే నొప్పి తగ్గడానికి పిండ హీమోగ్లోబినే కారణమని చెప్పవచ్చా?

అమ్మాయి: చెప్పలేను సార్. వాళ్లలో కొందరు హైడ్రాక్సీయూరియా వాడుతున్నారు. ఆ మందు పిండ హీమోగ్లోబిన్‌ను పెంచడమే కాక తెల్లకణాలను కూడా తగ్గిస్తుంది. ఏది ఎంత సాయం చేసిందో నా లెక్కల్లో విడదీయలేకపోయాను. మళ్లీ చేస్తే మందు మొదలుపెట్టక ముందే రక్తం తీసుకుంటాను. పిల్లల వయసు కూడా లెక్కలోకి తీసుకుంటాను.

జీవరసాయన ఆచార్యురాలు: కొందరిలో ఆల్ఫా థలసీమియా కూడా ఉంటే ఏమవుతుందమ్మా?

అమ్మాయి: నేను దాన్ని చూడలేదు మేడమ్. ఆలోచించి చెప్పమంటే – ఒక్కో కణంలో హీమోగ్లోబిన్ గాఢత తగ్గుతుంది కనుక అతుక్కోవడం తగ్గాలి, కణాలు పగలడం తగ్గాలి. నొప్పి కూడా తగ్గుతుందో లేదో నాకు తెలియదు.

ఆచార్యురాలు చిరునవ్వు నవ్వుతారు. ఎందుకంటే పరిశోధకులు చూసినదీ దాదాపు ఇదే. ఆల్ఫా థలసీమియా తోడైతే రక్తహీనత కొంత తగ్గుతుంది కాని, నొప్పి తగ్గుతుందన్న భరోసా లేదు.

ఈ సంభాషణలో ఏమి జరిగిందో గమనించండి. మొదటి ప్రశ్న, మీ పని మీకు నిజంగా అర్థమైందా అని చూడడానికి. గైడు చెప్పిన మాటలు వల్లించేవారు కంటి డాక్టరుకు అర్థమయ్యేట్లు చెప్పలేరు. రెండో ప్రశ్న, మీ ఫలితాన్ని మీరే అనుమానించగలరా అని చూడడానికి. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. ఈ ఒక్క సూత్రం మరచిపోయి తడబడేవారు చాలామంది ఉంటారు. మూడోది, తెలియని చోట ఎలా నడుచుకుంటారో చూసే ప్రశ్న. "తెలియదు" అని ఊరుకుంటే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. తెలిసినట్లు నటిస్తే మరో రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది. తెలిసినంత మేరకు తర్కించి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగడమే వారికి కావలసింది.

తప్పక ఎదురయ్యే నాలుగు ప్రశ్నలు

రెండు పట్టాలూ ఎందుకు? రాస్‌కూ లెఫ్కోవిట్జ్‌కూ లేనిది మీకెందుకు? ఇది అన్నిటికంటె కష్టమైన ప్రశ్న. "వైద్యమంటే ఇష్టం, సైన్సన్నా ఇష్టమే" అనేది జవాబు కాదు. మీరు ఎంచుకున్న సమస్యకు రోగి పక్కన ఉండడం ఎందుకు అవసరమో, ప్రయోగశాలలో దీర్ఘకాల శిక్షణ ఎందుకు అవసరమో రెండూ చెప్పగలగాలి. మన ఉదాహరణలో అమ్మాయి ఇలా అనవచ్చు: "నొప్పి ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా వస్తుందో వార్డులో ఉంటేనే సరిగ్గా రాసుకోగలను. ఆ తేడాకు కారణమైన జన్యువును వెతకడం నాకింకా రాదు. అది నేర్చుకోవడానికే వచ్చాను." ఒక పట్టాతోనే సరిపోయే పనికి రెండో పట్టా అడిగితే బోర్డు ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

మీ పనిలో విఫలమైనది ఏది? ఇక్కడ దాచుకోవలసినదేమీ లేదు. నమూనాలు పాడైపోవడం, పరీక్ష పనిచేయకపోవడం పరిశోధనలో రోజూ జరిగేవే. ఎందుకు పాడైందో ఎలా కనిపెట్టారు, తరువాత ఏమి మార్చారు అన్నదే వినాలనుకుంటారు.

రోగి మేలుకూ పరిశోధనకూ పొత్తు కుదరనప్పుడు ఏమి చేస్తారు? నొప్పితో ఏడుస్తున్న పాప దగ్గర పరిశోధన కోసం అదనంగా రక్తం తీయవచ్చా? మన దేశపు వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి. నైతిక సంఘం ముందుగా ఆమోదించాలి. నియమాలు చెప్పడంతో సరిపోదు. ఆ పాపకు మీరు మొదట డాక్టరు, తరువాతే పరిశోధకులు. కాదంటే చికిత్స ఆగిపోతుందేమోనని ఆ తల్లి భయపడకుండా ఎలా చెబుతారో వివరించాలి.

మీరు మమ్మల్ని అడగదలచుకున్నది ఏమైనా ఉందా? లేదు సార్ అని లేచి రావడం మనవాళ్ల అలవాటు. నిజానికి ఇది మీకు దొరికిన అవకాశం. పీహెచ్.డి. కాలంలో వారానికి ఎన్ని గంటలు ఆసుపత్రి డ్యూటీ ఉంటుంది? గైడు బదిలీ అయితే విద్యార్థి సంగతేమిటి? ఇదివరకు చేరినవారు ఎన్నేళ్లలో పూర్తిచేశారు? ఇలాంటివి మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. మీ జీవితంలోని అనేక సంవత్సరాలు అక్కడ గడపబోతున్నారు కదా!

కొన్నిచోట్ల ఒక బోర్డుకు బదులు చిన్న చిన్న గదులు ఉంటాయి. ఒక్కో గదిలో కొద్ది నిమిషాలపాటు ఒక్కో సమస్య ఇస్తారు. కెనడాలోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతి ఇది. ఒక గదిలో తడబడినా తరువాతి గదిలో కొత్తగా మొదలుపెట్టవచ్చు. అమెరికాలో ఈ చదువుకు తరచు రెండు రోజులు పిలిచి, పలువురు ఆచార్యులతో విడివిడిగా మాట్లాడిస్తారు.

భాష గురించి కూడా ఒక మాట. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు ఇంటర్వ్యూ అంటే జంకుతారు. బోర్డుకు కావలసింది ఉచ్చారణ కాదు, తర్కం. చిన్న వాక్యాలు చాలు. మీ పనిని ముందుగా ఇంట్లో అమ్మకో, తమ్ముడికో తెలుగులో చెప్పి చూడండి. వాళ్లకు అర్థమైతే ఏ భాషలోనైనా చెప్పగలరు. వాళ్లు ఎక్కడ "అంటే?" అని అడిగారో అక్కడే మీ సన్నాహం తక్కువైందని తెలుసుకోండి.

ఎన్నేళ్లు? ఏమి వదులుకోవాలి?

లెక్క వేసి చూద్దాం. పద్దెనిమిదో ఏట ఎం.బి.బి.ఎస్.లో చేరితే ఇంటర్న్‌షిప్ ముగిసేసరికి ఇరవై మూడున్నర. వెంటనే ఎం.డి. సీటు దొరికితే ఇరవై ఆరున్నర. పీహెచ్.డి.కి నాలుగేళ్లనుకుంటే ముప్పై దాటుతుంది. మధ్యలో ప్రవేశ పరీక్షలకు ఒకటి రెండేళ్లు పోవచ్చు. ఈలోగా తోటివారు ప్రాక్టీసు పెట్టి, ఇల్లు కట్టుకుంటారు. ఇంట్లో అప్పులుంటే, పెళ్లి బాధ్యతలుంటే ఈ తేడా చిన్నది కాదు. చదువు పూర్తయ్యాక కూడా రోగుల తాకిడిలో ప్రయోగశాలకు సమయం దొరకడం కష్టం. ఇలాంటి వైద్యులు అంతరించిపోతున్న జాతి అని అమెరికాలో జేమ్స్ వైన్‌గార్డెన్ 1979లోనే హెచ్చరించాడు.

ఇవన్నీ తెలిసి కూడా చేరాలనిపిస్తేనే చేరడం మంచిది. బోర్డు ఈ విషయం కదిపినప్పుడు, ఇబ్బందులేమీ లేవన్నట్లు మాట్లాడేవారిని చూసి అనుమానిస్తుంది. ఇంట్లోవారితో మాట్లాడాను, ఫలానా ఏర్పాటు చేసుకున్నాను అని చెప్పేవారిని నమ్ముతుంది.

ఇప్పటినుంచే ఏమి చేయవచ్చు?

మీరు ఇంటర్మీడియట్‌లో ఉంటే నీట్‌కు చదువుతూనే ఒక అలవాటు చేసుకోండి. పాఠంలో ప్రతి వాక్యం దగ్గర "ఇది ఎలా తెలిసింది?" అని అడగండి. ఆరో స్థానంలో వేలిన్ ఉందని పుస్తకంలో ఒక్క పంక్తిలో ఉంటుంది. దాని వెనుక హెరిక్, పౌలింగ్, ఇటానో, ఇన్‌గ్రామ్ పడిన శ్రమ యాభై ఏళ్లకు సరిపడా ఉంది.

ఎం.బి.బి.ఎస్.లో ఉంటే భారతీయ వైద్య పరిశోధన మండలి వారి స్వల్పకాలిక విద్యార్థి పథకం మీకోసమే ఉంది. 1979లో మొదలైన ఈ పథకంలో వైద్య విద్యార్థి తన కళాశాల అధ్యాపకుడి మార్గదర్శకత్వంలో చిన్న ప్రతిపాదన పంపి, ఎంపికైతే రెండు నెలలపాటు పరిశోధన చేసి నివేదిక ఇస్తాడు. ప్రశ్న చిన్నదే కావాలి. మీ ఆసుపత్రిలో దొరికే రోగులతో, ఉన్న పరికరాలతో రెండు నెలల్లో తేలేదై ఉండాలి. ఎం.డి. విద్యార్థులు ఎలాగూ థీసిస్ రాయాలి. దాన్ని సీనియర్ల థీసిస్‌కు నకలుగా ముగించక, తమదైన ప్రశ్నతో చేస్తే అదే పీహెచ్.డి. ఇంటర్వ్యూలో పెట్టుబడి అవుతుంది.

సంఖ్యాశాస్త్రం కొంత తప్పక నేర్చుకోండి. చేసిన ప్రతి పనికీ తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకోండి, విఫలమైనవి కూడా. మూడేళ్ల తరువాత ఇంటర్వ్యూకు చదువుకోవలసిన అసలు పుస్తకం అదే.

సీటు రాకపోతే? ఒకసారి రాకపోవడం సాధారణమే. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో ఆ రోజే రాసిపెట్టుకుని, ఏడాదిపాటు దానిమీద పనిచేసి మళ్లీ వెళ్లినవారిని బోర్డులు గౌరవిస్తాయి. మద్రాసులో ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కని సుబ్బారావు తరువాత హార్వర్డ్ నుంచి పీహెచ్.డి. అందుకున్నాడని గుర్తుంచుకోండి.

మళ్లీ ఆ వార్డు దగ్గరికి వెళ్దాం. అక్కకు ఎక్కువ నొప్పి, తమ్ముడికి తక్కువ. పిండ హీమోగ్లోబిన్ వల్ల కొంత, ఆల్ఫా థలసీమియా వల్ల కొంత, నీరు తాగడం, చలి, జ్వరాల వల్ల కొంత తేడా వస్తుందని ఇప్పటికి తెలుసు. ఈ పాప విషయంలో ఏది ఎంత అని తేల్చి చెప్పే పరీక్ష మాత్రం ఇంకా లేదు. బహుశా దాన్ని కనుగొనబోయేవారు ఈ వ్యాసం చదువుతున్న మీలోనే ఉండవచ్చు. ఇంటర్వ్యూ గదిలో బోర్డు "మీకు ఈ చదువు ఎందుకు?" అని అడిగినప్పుడు, ఆ తల్లి అడిగిన ప్రశ్ననే మీ మాటల్లో చెప్పండి. అక్కడినుంచి మీ జవాబు మొదలుపెట్టండి.